కోయని గడ్డితాడు

నూనెలో బవుర్సాక్ పిండి ఉండలు పొంగుతున్నాయి. గదిలో కోడలు పొంగుతోంది. రెండింటి మధ్యా తలుపొక్కటే చల్లగా ఉంది.

"తలుపు తియ్యవే మక్పాల్," అంది అత్తగారు కుల్పాష్, చిల్లుల గరిటె పట్టుకున్న చేత్తోనే తలుపు తడుతూ. "ఎల్లుండి చుట్టాలొస్తున్నారు. అప్పుడూ ఇలాగే గడియ పెట్టుకు కూర్చుంటావా?"

"చుట్టాల్ని నేను పిలవలేదు."

"నేనే పిలిచాను. నా మనవరాలికి తాడు కోయిస్తున్నాను, వచ్చి దీవించండని పిలిచాను. దొంగతనం చేశానా?"

"అది నడిచే పిల్లకి చేస్తారు అత్తయ్యా!" తలుపు వెనక గొంతు పగిలింది. "మొదటి అడుగు వేసిన పిల్లకి! నడవని పిల్లకి తాడు కోస్తే దాన్ని వేడుక అనరు. వేళాకోళం అంటారు."

కుల్పాష్ గరిటె దించింది. నూనెబొట్టు గడప మీద పడింది. ఆ మాటకి ఆమె ముఖం మాడిన తీరు తలుపు అవతల ఉన్న కోడలికి కనపడలేదు. కనపడి ఉంటే ఈ వారం కథ మరోలా నడిచేది.

తప్పటడుగులు వేసేది పిల్లలు, తప్పుటడుగులు వేసేది పెద్దలు. మా షీలీ ఊళ్ళో మొదటి వాటికి మాత్రమే పండగ చేస్తారు. పిల్ల నాలుగడుగులు వేసిందంటే చాలు, రెండు కాళ్ళనీ కలిపి పచ్చగడ్డి తాడుతో కడతారు. చురుగ్గా నడిచే మనిషి ఒకరు వచ్చి కత్తితో ఆ తాడు కోస్తారు. కోసిన వాళ్ళ నడకే పిల్లకి వస్తుందని నమ్మకం. పెద్దయ్యాక ఎవరైనా గడప తట్టుకుని తూలితే, "ఏం, చిన్నప్పుడు నీకు తాడు కోయలేదా?" అని పక్కవాళ్ళు పళ్ళికిలిస్తారు.

ఇంకార్‌కి రెండేళ్ళు దాటాయి. ఇంకార్ ఇంకా నిలబడలేదు. ఎంతో ఆశపడి కోరుకున్నది అని ఆ పేరుకి అర్థం. ఆ ఆశ ఇంకా నేల మీద పాకుతూనే ఉంది. పోయిన వారం కిజిలోర్దా పట్నం డాక్టరమ్మ పిల్ల కాళ్ళు వంచి చూసి, లాగి చూసి, "ఆసరాతో నడిస్తే నడవచ్చు, నడవకపోనూ వచ్చు" అని చెప్పి పెన్నుకి మూత పెట్టేసింది. ఆ మూత శబ్దం మక్పాల్ చెవుల్లో ఇప్పటికీ పోలేదు.

వీధి తలుపు తోసుకుని యెర్దెన్ వచ్చాడు. మేజోళ్ళ నిండా ఆకుపచ్చ ప్లాస్టిక్ పోగులు. బాలవాడిలో పసిపిల్లల ఆటస్థలానికి ప్లాస్టిక్ గడ్డి పరిచే పని అతనిది. మా ఎండకీ, మా ఉప్పునేలకీ అసలు గడ్డి బతకదు కనక ఊళ్ళో పచ్చదనమంతా ఇప్పుడు లారీల మీద చుట్టలుగా వస్తోంది. అది పచ్చిక కాదు, పచ్చి అబద్ధం అంటుంది కుల్పాష్. అబద్ధమైతేనేం, పడ్డ పిల్లల మోకాళ్ళు చెక్కుకుపోవు.

"వచ్చావా నాయనా? బాగా మేశావా?" అంది కొడుకు కాళ్ళ వంక చూస్తూ.

"నాకు గడ్డి పెట్టకమ్మా, పొద్దుట్నించీ గడ్డి వేసే వస్తున్నాను. ఏమైంది?"

"మీ ఆవిడకి తెలిసిపోయింది."

"ఏమయ్యా," అంది తలుపు. "నీకు ముందే తెలుసా?"

యెర్దెన్ మేజోట్లోంచి ఒక పోగు పీకాడు. ఇంకోటి పీకాడు.

"నిన్నే. తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదా మక్పాల్..."

"అడగాలా? మన పిల్ల అడుగు వెయ్యదు. నేనేమో ప్రతిదీ అడుగుతూ ఉండాలి. బాగుంది ఈ ఇంటి వరస!"

ఆ తర్వాత మాట్లాడింది పొయ్యి మీది నూనె ఒక్కటే.

"మాడిపోతున్నాయర్రా," అంటూ పొయ్యి పక్కన కూర్చున్న ఉల్బోసిన్ తల్లి చేతిలోంచి గరిటె లాక్కుని మంట ఆర్పేసింది.

ఉల్బోసిన్ యెర్దెన్‌కి అక్క. ఆమె పుట్టినప్పుడు ఇంట్లో అందరూ మగపిల్లాడి కోసం ఎదురు చూశారు. ఆడపిల్ల అయ్యేసరికి 'వచ్చేసారి కొడుకే పుట్టాలి' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. అది పేరు కాదు, పైవాడికి పెట్టుకున్న అర్జీ. అర్జీ మంజూరై యెర్దెన్ పుట్టాడు. పని అయిపోయిన అర్జీని ఎవరు మాత్రం తిరగేసి చూస్తారు? ఆమెకి పెళ్ళి కాలేదు. తాడూ లేదు, బొంగరమూ లేదు. చిన్నప్పటి జ్వరం తర్వాత ఎడమకాలు సన్నబడింది. నడిస్తే భుజం ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఆ నడకకి మన భాషలో ఒక మాట ఉంది. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు.

అనకుండా ఉండటమూ ఒక రకంగా అనడమేనని ఉల్బోసిన్‌కి తెలుసు.

కోడలు మెట్టినింటి వాళ్ళ పేర్లు పలకకూడదు కనక, మక్పాల్ వచ్చిన రోజే ఆడబిడ్డకి 'బంగారుచెయ్యి' అని పేరు పెట్టుకుంది. తమ్ముడు పరిచిన గడ్డిని కొక్కెం కత్తితో అంచుల వెంట కోసేది ఆమే. జారుడుబల్ల కాళ్ళ చుట్టూ, ఉయ్యాల స్తంభాల చుట్టూ ఆమె కోస్తే ఆ గడ్డి ఇనుములోంచే మొలిచిందా అనిపిస్తుంది. పైగా అది కూర్చుని చేసే పని. నేల మీద కూర్చున్నాక ఎవరి కాలు ఎలాంటిదో ఎవరికి పట్టింది?

ఉల్బోసిన్ ఒక పళ్ళెంలో నాలుగు బవుర్సాక్‌లు వేసుకుని తలుపు దగ్గరికి వచ్చింది.

"మక్పాల్, నేనే. మాడనివి ఏరి తెచ్చాను. పిల్లకి పెట్టు. నీ కోపానికి తర్వాత పెడతాను."

తలుపు చెయ్యి పట్టేంత తెరుచుకుంది. ఒక చెయ్యి వచ్చి పళ్ళెం అందుకుంది. మళ్ళీ గడియ పడింది.

*

మర్నాడు అక్కాతమ్ముళ్ళు పనిలో ఉండగా మక్పాల్ పిల్లని చంకనేసుకుని బాలవాడికి వచ్చింది.

శనివారం కనక పిల్లలు లేరు. ఆటస్థలం సగం పచ్చగా, సగం నల్లగా ఉంది. నల్లగా ఉన్న చోట ఇంకా కింద పరిచే రబ్బరు మెత్తే కనిపిస్తోంది. యెర్దెన్ పెద్ద చీపురుతో, పరిచిన గడ్డి నూగులోకి కడిగిన ఇసుక ఊడ్చి దించుతున్నాడు. పెద్దవాళ్ళ మైదానాల్లో అయితే రబ్బరు పలుకులు పోస్తారు. ఇక్కడ పోస్తే పసివాళ్ళు గుప్పిళ్ళతో నోట్లో వేసుకుంటారు.

ఉల్బోసిన్ జారుడుబల్ల కింద కూర్చుని అంచు కోస్తోంది.

"రావే రా, కోపం చల్లారిందా, కట్టుకుని తెచ్చావా?" అంది తల ఎత్తకుండానే.

"చల్లారలేదు వదినా. అలిసిపోయింది."

మక్పాల్ పిల్లని కింద దించింది. ఇంకార్ బోర్లా పడి, రెండు చేతులతో నూగు పట్టుకుని ముందుకి లాక్కుంది. కాళ్ళు వెనక రెండు సంచుల్లా వచ్చాయి. ఆ కాళ్ళలో ఉండాల్సిన బలమంతా చేతుల్లోకి చేరినట్టుంది. అతుకు దగ్గర ఒక పోగుల కుచ్చు దొరికితే ఒక్క లాగు లాగి, పీకి, గుప్పిట్లో పెట్టుకుని చూపించింది.

"ఒసేయ్ రాక్షసీ! పొద్దుట్నించీ నేను అతికిస్తుంటే నువ్వు పీకుతున్నావా?" ఉల్బోసిన్ నవ్వి ఆ గుప్పిటని ముద్దుపెట్టుకుంది. "పడితే పట్టు వదలదు ఇది. నిన్న నా జుట్టు పట్టుకుంటే విడిపించడానికి మీ ఆయన రావలసొచ్చింది."

మక్పాల్ నవ్వలేదు. చీపురు తోస్తున్న మొగుడి వంక చూస్తోంది.

"చూడండి వదినా. ఊళ్ళో పిల్లలందరూ మెత్తగా పడాలని ఎంత శ్రద్ధగా పరుస్తున్నాడో. నా పిల్లకి ఈ మెత్తదనం ఎందుకు? పడాలన్నా ముందు నిలబడాలి కదా."

ఉల్బోసిన్ కత్తి ఆగింది. మళ్ళీ కదిలింది.

"రేపెవరు కోస్తున్నారట?" అని అడిగింది మక్పాల్.

"సాందుగాష్. మా పిన్ని కోడలు. రైల్వే స్టేషన్లో పని, నడిస్తే రైలే. కాళ్ళకన్నా నాలిక ఇంకో అరగంట ముందు నడుస్తుందనుకో. మీ అత్తగారికి అలాంటి వాళ్ళంటేనే మోజు."

"మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా కోయమన్నారా?"

"నన్నా?" ఉల్బోసిన్ పెద్దగా నవ్వింది. "ఈ ఊళ్ళో గడ్డంతా కోసేది నేనే. ఆ ఒక్క గడ్డి తప్ప! తాడు వేడుక అనగానే నాకు వంటింట్లో ఉల్లిపాయలు అప్పగిస్తారు. అవి కోస్తూ కూర్చుంటాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చినా ఎవరూ ఎందుకని అడగరు, చూశావా, ఎంత సౌకర్యమో."

"రేపు మీరే కొయ్యాలి వదినా."

నవ్వు ఆమె ముఖం మీదే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు.

"ఏమన్నావ్?"

"ఇంకార్ తాడు మీరు కోస్తే రేపు వేడుక జరగనిస్తాను. లేకపోతే చుట్టాల ముందే తలుపేసుకుంటాను."

ఉల్బోసిన్ కత్తిని నెమ్మదిగా ఒళ్ళో పెట్టుకుంది.

"నా మీద ఏమైనా కసి ఉందా నీకు?"

"లేదు."

"మరి నన్ను నలుగురిలో నిలబెట్టి చూపించాలనా? కోసినవాళ్ళ నడక వస్తుందంటారే, తెలుసా నీకు?"

"తెలుసు."

"నా నడక నీ పిల్లకి రావాలా?"

"రావాలి."

"తెలిసే అంటున్నావా మక్పాల్?"

మక్పాల్ గడ్డి మీద కూలబడింది.

"సాందుగాష్ లాగా పరిగెత్తాలని నేను అడగను వదినా. డాక్టరమ్మ మాట విన్నాక అంత పెద్ద కోరిక కోరడానికి నోరు రావడం లేదు. మీరు బజారుకి వెళ్ళొస్తారు. బస్సెక్కుతారు. వాన వస్తే అందరికన్నా ముందు పెరట్లోకి వెళ్ళి బట్టలు తెస్తారు. నాకు అంత చాలు. నా పిల్ల మీలా నడిస్తే..." మాట అక్కడ తెగింది. "మీలా నడిస్తే నేను ఊరంతా బవుర్సాక్‌లు పంచుతాను, మీరు నమ్మండి."

ఉల్బోసిన్ జారుడుబల్ల అంచు పట్టుకుని లేచింది. భుజం ఒరుగుతూ, లేస్తూ, ఒరుగుతూ, కుళాయి దాకా నడిచింది. ఆ నడకని మక్పాల్ కళ్ళార్పకుండా చూసింది. కొలుచుకుంటున్నట్టు, అడిగి పుచ్చుకోబోయే వస్తువుని చూసుకుంటున్నట్టు చూసింది. వీపు మీద ఆ చూపు ఉల్బోసిన్‌కి తెలిసిందేమో, కుళాయి తిప్పి నీళ్ళు వదిలి, చేతులు పెట్టకుండా అలాగే నిలబడింది.

యెర్దెన్ చీపురు పారేసి వచ్చాడు.

"అక్కనేమన్నావ్?"

"గౌరవం చేశాను."

"ఆవిడ ఏడుస్తోంది. అది గౌరవమా?"

"నాకూ తెలీదు," అంది మక్పాల్.

*

సాయంత్రం టీ దగ్గర మక్పాల్ ఆ మాట అత్తగారి ముందు పెట్టింది. కుల్పాష్ పోస్తున్న పాలు గిన్నె దాటి బల్ల మీదికి పారాయి.

"నీకు మతి పోయిందా? సాందుగాష్‌కి చెప్పేశాను. చున్నీ కూడా కొన్నాను దానికి పెట్టడానికి!"

"ఆ చున్నీ వదినకి పెట్టండి."

"అమ్మా, కాస్త నెమ్మదిగా..." అన్నాడు యెర్దెన్.

"నువ్వుండరా! ఇద్దరూ కలిసి నా నోట అనిపిస్తారా? పిల్ల నడవాలని నేను తపించిపోతుంటే, తల్లివై ఉండి, నీ చేతులారా పిల్ల తాడు ఒక కుంటిదాని చేత..."

మాట బల్ల మీద పడింది. పాలకన్నా వేగంగా పారింది.

గుమ్మంలో ఉల్బోసిన్ నిలబడి ఉంది. చేతిలో రొట్టెల బుట్ట.

కుల్పాష్ పాలగిన్నె దించేసింది. "నేను... అలా కాదే తల్లీ..."

"పరవాలేదమ్మా." ఉల్బోసిన్ వచ్చి బుట్ట బల్ల మీద పెట్టింది. గుడ్డ తీసుకుని పాలు తుడిచింది. "ఇన్నాళ్ళూ ఆ మాట ఈ ఇంట్లో మంచాల కింద దాక్కుని ఉంది. ఊడ్చినప్పుడల్లా నాకు తగులుతూనే ఉండేది. ఇవాళ బయటికి వచ్చింది, నయమే."

తడిసిన గుడ్డని మడిచి పక్కన పెట్టింది.

"నేను కొయ్యను మక్పాల్," అంది ఉల్బోసిన్. "నీ మీద కోపం లేదు. నా తాడే ఎవరూ కోయలేదు. కట్టు విడని మనిషి ఇంకొకరి కట్టు ఎలా కోస్తుంది? మీ అత్తగారిని అడుగు."

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. కత్తిపీట చప్పుడు మొదలైంది. రేపటి ఉల్లిపాయలు.

మక్పాల్ అత్తగారి వంక చూసింది. కుల్పాష్ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"నడిచింది," అంది. "నా చిట్టితల్లి నడిచింది. ఈ గోడ నుంచి ఆ గోడకి. నేను గడ్డి కోసుకొచ్చి తాడు పేనాను. చుట్టాల్ని పిలిచాం. వాళ్ళు వచ్చే రోజు పొద్దున జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. వచ్చిన వాళ్ళని గుమ్మంలోంచే పంపించేశాం. జ్వరం దిగాక నిలబెడితే కాలు గుడ్డపేలికలా వేలాడింది."

"తర్వాతైనా కోయించలేదా?"

"మీ మామయ్యని అడిగాను. ఎన్నిసార్లు అడిగాను! నడవని పిల్లకి తాడు కోస్తే వేళాకోళం అన్నాడు. నిన్న నువ్వు తలుపు వెనకనించి అన్న మాటే. అదే మాట." కుల్పాష్ కోడలి ముఖంలోకి చూసింది. "పేనిన తాడుని ఆవుకి వేశాను. ఆ తర్వాత కొన్నేళ్ళకి పిల్ల తనంతట తనే గోడ పట్టుకుని నడిచింది. అప్పుడు కోయిద్దామంటే యెర్దెన్ కడుపులో ఉన్నాడు, కొడుకు పుడతాడన్న సంబరం, ఇంకెవరికి గుర్తుంటుంది? అందుకే నిన్నడక్కుండా పిలిచాను అందర్నీ. ఈసారి నడిచేదాకా ఆగకూడదనుకున్నాను. ఆగితే ఆగిపోతుందే పిల్లా."

మక్పాల్ చెయ్యి చాపింది. అత్తగారి చేతిని పట్టుకోలేదు. పక్కనే బల్ల మీద పెట్టింది.

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంది.

*

ఆదివారం పొద్దున్నే కుల్పాష్ కాలవ గట్టుకి వెళ్ళింది. వరిమళ్ళకి నీళ్ళు వదిలారు కనక గట్టు వెంట కొత్తగడ్డి లేచింది. ఊళ్ళో అబద్ధం కాని గడ్డి ఇప్పుడు అదొక్కటే. మక్పాల్ పిల్లని ఎత్తుకుని వెనకే వెళ్ళింది. ఒకళ్ళు కోస్తే ఒకళ్ళు మట్టి దులిపారు.

కుల్పాష్ గట్టు మీద కూర్చుని చిన్న తాడు ఒకటి పేనింది. బిగువుగా, ముద్దుగా వచ్చింది. దాన్ని పక్కన పెట్టి మళ్ళీ గడ్డి తీసుకుంది. రెండోది పొడుగ్గా వచ్చింది. అప్పటికి వేళ్ళు అలిసిపోయాయి, అల్లిక వదులుగా పడింది.

"రెండోది ఎందుకు అత్తయ్యా?"

కుల్పాష్ రెండు తాళ్ళూ కొంగుకి చుట్టుకుని లేచింది.

పెరట్లో కంకర కనక వేడుక బాలవాడి ఆటస్థలంలో చేసుకోమని అక్కడి పెద్ద టీచరమ్మ తాళం ఇచ్చింది. పచ్చటి నేల మధ్యన యెర్దెన్ తెల్ల బట్ట పరిచి ఉంచాడు. గేటు పక్కన చివరి అంచు మిగిలిపోతే ఉల్బోసిన్ వచ్చి కూర్చుని కోస్తోంది. వేడుకకి రాలేదు, పనికి వచ్చింది. అలాగే చెప్పింది తమ్ముడితో.

కుల్పాష్ తిన్నగా కూతురి దగ్గరికి వెళ్ళింది. మోకాళ్ళు కటకటమంటుండగా ఎదురుగా కూర్చుంది. కూతురి ఎడమకాలు ఒళ్ళోకి తీసుకుని బూటు విప్పసాగింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"కదలకు."

"చుట్టాలొచ్చేస్తారు."

"రానీ. అప్పుడు గుమ్మంలోంచే పంపేశాను. ఈసారి లోపలికొచ్చి చూడనీ."

పొడుగు తాడు కొంగులోంచి బయటికి వచ్చింది. ఉల్బోసిన్ కాలు వెనక్కి లాక్కోబోయింది. ముసలి చెయ్యి వదల్లేదు.

"నాకు నలభై దాటాయమ్మా. తల నెరుస్తోంది."

"తాడు తలకి కట్టరు."

"ఇప్పుడు కోసి నన్నెక్కడికి నడిపిస్తావు?"

కుల్పాష్ తల వంచి కడుతూనే ఉంది. రెండు చీలమండలూ ఒక్కలా లేవు. సన్నటి కాలికి తాడు ఇంకో చుట్టు పట్టింది. ముడి వేసేటప్పుడు ఆమె కళ్ళలోంచి ఒక బొట్టు గడ్డి మీద పడింది. ప్లాస్టిక్ గడ్డి కనక పీల్చుకోలేదు, అలాగే పైన నిలిచింది.

"ఎవరు కోస్తారమ్మా?" అంది ఉల్బోసిన్. గొంతులో వెటకారం మొదలై మధ్యలోనే జారిపోయింది. "సాందుగాషా? నాకు రైలు నడక వస్తే పట్టాలెక్కడ?"

కుల్పాష్ కొక్కెం కత్తి తీసి కోడలి వైపు చాపింది. "నువ్వు కొయ్యి మక్పాల్. దీనికి నీ నడక రానీ. తర్వాత ఇది నీ పిల్లకి కోస్తుంది. కొయ్యవా తల్లీ?"

ఆఖరి ప్రశ్న కూతురికో కోడలికో ఎవరికీ తెలియలేదు. ఉల్బోసిన్ తల ఊపిందో, తల వాల్చిందో అదీ తెలియలేదు. మక్పాల్ కత్తి అందుకోవడానికి పిల్లని కింద దించింది.

గేటు బయట కారు ఆగింది. "వచ్చేశాం, వచ్చేశాం! పిల్ల ఏదీ? నా పరుగు ఎవరికి కావాలి?" సాందుగాష్ గొంతు ఆమెకన్నా ముందే లోపలికి వచ్చింది. వెనక పదిమంది.

అందరూ అటు తిరిగారు. ఒక్క క్షణం.

ఇంకార్ తిరగలేదు. నేల మీద బోర్లా పాకి, మేనత్త కాళ్ళ దగ్గరికి చేరి, వేలాడుతున్న పచ్చటి కొస పట్టుకుంది. నోట్లో పెట్టుకోబోయింది, రాలేదు. రెండు చేతులతో లాగింది. నిన్న అతుకు పీకిన లాగే.

వదులు అల్లిక. గడ్డి తెగిన చప్పుడు ఎంతని? కానీ మక్పాల్ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. ఉల్బోసిన్ కాళ్ళు రెండూ విడివిడిగా ఉన్నాయి. ఇంకార్ గుప్పిట్లో తాడు ముక్క ఉంది.

"అయ్యో అయ్యో, పిల్ల కోసేసిందే!" అంది సాందుగాష్ గేట్లోంచి. "నడవని పిల్ల..." ఎవరో ఆమె మోచెయ్యి పట్టుకుని లాగారు. ఆ నాలిక మొదటిసారి స్టేషన్ రాకుండానే ఆగింది.

కుల్పాష్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. కోసిన వాళ్ళ నడకే వస్తుంది. ఆ మాట అక్కడ ఎవరూ పైకి అనలేదు. అందరి కళ్ళలోనూ ఉంది. నలభై ఏళ్ళు ఆలస్యంగా కట్టిన తాడు, ఇంకా అడుగు వేయని పిల్ల చేతిలో తెగింది.

"నా చేతులే," అంది కుల్పాష్. "గట్టిగా పేనలేకపోయాను. మళ్ళీ నా చేతులే..."

"ఊరుకో అమ్మా."

ఉల్బోసిన్ మేనకోడలి వంక చూస్తోంది. ఇంకార్ ఆ తాడు ముక్కని, నిన్నటి ప్లాస్టిక్ కుచ్చుని చూపించినట్టే, గర్వంగా ఎత్తి చూపించింది.

"సరేనే," అంది ఉల్బోసిన్ మెల్లిగా. "నువ్వు ఇచ్చిన నడకే. ఎలాంటిదైతే అలాంటిది."

తాడు తెగగానే వెంటనే నడిపించాలి. అది ఆచారం. రెండు పక్కలా రెండు చేతులు పట్టుకుని తెల్ల బట్ట మీద నడిపిస్తారు. ఆగితే అరిష్టం. యెర్దెన్ ఒక అడుగు ముందుకు వేశాడు. మక్పాల్ కత్తి కింద పెట్టి చెయ్యి అందించబోయింది.

ఉల్బోసిన్ రెండు చేతులనీ వద్దంది. అరచెయ్యి నేలకి ఆనించి లేవబోయింది. పొద్దుట్నించీ మడుచుకుని కూర్చున్న మంచి కాలు మొద్దుబారిపోయింది. లేవలేదు.

గేటు దగ్గర ఒక ముసలమ్మ పెదవులు కదిలాయి, ప్రార్థనో, మరొకటో.

ఉల్బోసిన్ ఎడమచెయ్యి ఇంకార్ వైపు చాపింది. ఇంకార్ తాడు ముక్క వదిలేసి మేనత్త వేలు పట్టుకుంది. పట్టుకుంటే వదలదు. ఇక లేస్తే ఇద్దరూ లేవాలి.

ఉల్బోసిన్ కుడి అరచెయ్యి రెండోసారి నేలకి ఆనించింది.